పంపేయండి బయటికి!

“నా కోడుమూరు చీర కొంగు చించిందెవరు?”

సిద్దమ్మ ఎర్రంచు పసుపు చీర పట్టుకుని వాకిట్లో నిలబడింది. పాత చీరే. అయినా కొంగు కొంగే.

“సైకిలు తుడిచేకి తీసుకుంటివా?” అని మొగుణ్ణి నిలదీసింది.

“నా సైకిలుకు గోనెగుడ్డ చాలు,” అన్నాడు సుంకప్ప. “పెరటి గోడవతల బళ్ళో కడప టీమోళ్ళు దిగినారు కదా. వాళ్ళే ఎత్తుకపోయింటారు.”

“మా కడపోళ్ళు దొంగలా?” సిద్దమ్మ పుట్టిల్లు కడప.

“ఎలుకలేమోలే అమా,” అంది కూతురు హులిగెమ్మ జడ అల్లుకుంటూ.

“ఎలుక ఇంత సాపుగా చించుతుందా?”

సుంకప్పకు ఆ గొడవ వినే తీరిక లేదు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. సాయంత్రం కర్నూలుకూ కడపకూ ఫుట్‌బాల్ పోటీ. కర్నూలు ఫార్వర్డ్ గోపన్న వాళ్ళు హులిగెమ్మను పెళ్ళికి అడిగి ఉన్నారు. ఇవాళో రేపో మాట చెప్పాలి. పిల్ల అవుననదు, కాదనదు. ఆటలో పిల్లవాణ్ణి చూస్తే దాని మనసు తెలుస్తుందని పెళ్ళాన్నీ కూతుర్నీ మైదానానికి తీసుకుపోయాడు.

ఆడవాళ్ళ వైపు తాడు కట్టారు. సుంకప్ప తాడుకు ఇవతల, తల్లీకూతుళ్ళు అవతల.

బూట్లున్నవాళ్ళు ముగ్గురో నలుగురో. తక్కినవాళ్ళవి వట్టి కాళ్ళు, చీలమండలకు గుడ్డ పట్టీలు. కడప బ్యాక్ ఆంజనేయ మొదట్లోనే పడ్డాడు. లేచి కుంటుతూనే ఆడాడు.

“మా పెద్దమ్మ కొడుకు బిడ్డ, నాకు మేనల్లుడు,” అంది సిద్దమ్మ గర్వంగా.

కాసేపటికి గోపన్న బంతితో గోలు మీదికి దూసుకుపోతుంటే ఆంజనేయ అడ్డంగా కాలు పెట్టాడు. గోపన్న పల్టీ కొట్టి దుమ్ములో పడ్డాడు.

“బయటికి పంపేయండి! వాణ్ణి పంపేయండి సార్!”

మైదానమంతా తిరిగి చూసింది. అరిచింది హులిగెమ్మ.

రెఫరీ విజిల్ ఊది, వేలు బయటికి చూపించాడు.

“అన్యాయం!” సిద్దమ్మ తాడు పట్టుకుని ఊపింది. “కాలు బంతికే తగిలింది. ఆ గోపన్నే కావాలని పడినాడు!”

“బంతి యాడుండాది, వాని కాలు యాడుండాది? నీ కండ్లకు కడప తప్ప ఏమీ కనపడదు,” అన్నాడు సుంకప్ప.

“నీ గోపన్న గాలి తగిలినా పడతాడులే. గాలిపటం!”

తాడుకు రెండు పక్కలా జనం మూగారు. సోడాలమ్మే పెద్ద ఈరన్న అమ్మకం మాని వాదనలో దిగాడు. “ఫౌలేనప్పా. అయినా మనిషిని పంపేంత ఫౌలా?”

“పంపాల్సిందే!” హులిగెమ్మ గొంతు అందరి కంటే పైకి లేచింది.

సుంకప్ప పొంగిపోయాడు. “కర్నూలు ఆడబిడ్డంటే ఇట్లుండల్ల!”

“ఇంగ వాణ్ణి ఆడనీరు కదా నాయనా?”

“ఇంగెట్లా ఆడనిస్తారు!”

“అంతే చాలు,” అని హులిగెమ్మ గట్టిగా ఊపిరి వదిలి కూర్చుంది.

ఆంజనేయ కుంటుకుంటూ వాళ్ళ ముందు నుంచే బయటికి నడిచాడు. సిద్దమ్మ అతణ్ణి తల నుంచి కాళ్ళ దాకా చూసింది. ఆ తర్వాత వాదన మానేసింది. భార్య ఓడిపోయిందనుకుని సుంకప్ప మీసం దువ్వాడు.

దీపాలు పెట్టాక ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు.

“గోపన్నోళ్ళకు పొద్దున్నే కబురు పంపుతాండా,” అన్నాడు సుంకప్ప, సంకటి ఊరుబిండి పచ్చడిలో అద్దుకుంటూ. “వాణ్ణి పడేసినారని పిల్ల ఎట్లా అరిచిందో ఊరంతా చూసినారు. ఇంగ అడిగేదేముండాది?”

హులిగెమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

సిద్దమ్మ మొగుడి కంచంలో ఇంకో ముద్ద వేసింది.

“కబురు గోపన్నోళ్ళకు కాదయ్యా, కడపకు పంపు, నా చీర కొంగు ఆ ఆంజనేయ కాలికి కట్టుండాది.”