జ్వరమొచ్చిన రోజు రక్తం

కొత్తగా చేరిన పిల్లకు సుందరరాజు సార్ తన కుర్చీ జరిపి ఇచ్చినాడు.

హేమశ్రీకి కడుపు మండిపోయింది.

మండదా మరి? తిరుపతిలో ఆ ల్యాబు పెట్టినప్పటి నుంచి సార్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నది తనొక్కతే. నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోయినా ఏనాడూ కూర్చోమన్న పాపాన పోలేదాయన. నిన్నగాక మొన్న వచ్చిన మహితకు మాత్రం కుర్చీ.

కుర్చీతో ఆగినా బాగుండేది. మహితను కోల్డ్ రూమ్‌లోకి పంపొద్దన్నాడు. వణుక్కుంటా ట్యూబులు సర్దే పని కూడా హేమశ్రీ నెత్తినే పడింది. ఎందుకు సార్ అని అడిగితే, ఆ పిల్లకు పడదులేమ్మా అని తేల్చేసినాడు.

ఆ పిల్లది ఏ ఊరో, ఎవరి బిడ్డో హేమశ్రీ అడిగిందే లేదు. అడిగితే ఎక్కడ మర్యాద ఇచ్చినట్టవుతుందో అని.

వాళ్ళ పరిశోధన కాస్పేస్ అనే ఎంజైము మీద. ఒంట్లో అదొక కత్తెర. క్రిమి దూరితే చాలు, ముడుచుకొని ఉన్న ఒక ప్రోటీన్‌ను కత్తిరించి వదుల్తుంది. దాంతో జ్వరం వస్తుంది, వాపు వస్తుంది, క్రిమి చస్తుంది. అంతవరకు మంచిదే. కొందరిలో మాత్రం క్రిమీ లేదు పాడూ లేదు, ఆ కత్తెర ఊరికే ఆడతానే ఉంటుంది. కీళ్ళు పట్టేస్తాయి, కిడ్నీలు పాడవుతాయి.

అట్లాంటి పేషెంటు ఒకరు సార్‌కు దొరికినారు. జ్వరమొచ్చినప్పుడల్లా ఆసుపత్రి నుంచి నర్సు నిర్మలమ్మ రక్తం తెచ్చిచ్చేది. పేరు చెప్పనని సార్ మాటిచ్చినాడంట, ఎంత అడిగినా చెప్పలేదు. హేమశ్రీ థీసిస్ మొత్తం ఆ రక్తం మీదే నిలబడి ఉండాది.

రక్తం వచ్చిన రోజు చచ్చేంత పని. కణాలు వేరు చేయాల, ప్రోటీన్ తీయాల, కత్తెర ఎంత ఆడిందో చెప్పే నల్లగీత ఫిల్ము మీద తేలేదాకా ముద్ద దిగదు.

సరిగ్గా ఆ రోజే మహారాణి సెలవు.

ఒకసారంటే సరే. ప్రతిసారీ అదే తంతు. పని పడిందంటే మాయం, పనంతా అయినాక ప్రత్యక్షం. పైగా వచ్చీ రాగానే, "గీత ఎట్లా వచ్చిందక్కా?" అని ఫిల్ము మీద పడేది. సార్ పక్కనే కూర్చోబెట్టుకొని చూపించేవాడు. వండిందొకరు, వడ్డన ఇంకొకరికా అని హేమశ్రీ లోపల్లోపలే కుతకుత ఉడికిపోయేది.

చలికాలంలో సార్ మీటింగుకని ఢిల్లీ పోయినాడు. ల్యాబు బాధ్యత హేమశ్రీది.

ఇంతకన్నా అదను ఎప్పుడు దొరుకుతుంది?

"కోల్డ్ రూమ్‌లో పాత ట్యూబులన్నీ కలిసిపోయినాయి. నువ్వే సర్దాల ఈ పొద్దు" అనింది.

మహిత ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది.

"సరే అక్కా" అని లోపలికి పోయింది.

మధ్యాహ్నమంతా బయటికి రాలేదు. వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చింటుందిలే అనుకుంది హేమశ్రీ. పాపం అనిపించలేదు సరికదా, కడుపు చల్లబడినట్టయింది.

మర్నాడు మహిత రాలేదు. నిర్మలమ్మ మాత్రం రక్తం తెచ్చింది.

ఆ రక్తంలో కాస్పేస్ రేగినట్టు ముందెన్నడూ రేగలేదు. ఫిల్ము మీద గీత కాటుక దిద్దినట్టు తేలింది. హేమశ్రీ సంబరం ఇంతా అంతా కాదు.

సార్ తిరిగొచ్చినాక మహిత మానేసిందని చెప్పినాడు. పీడ విరగడైందనుకుంది హేమశ్రీ. ఇక సార్ శిష్యురాలంటే తనే.

అయితే ఆ తర్వాత రక్తం కూడా రావడం మానేసింది.

థీసిస్‌లో చివరి అధ్యాయం ఆగిపోయింది. కాస్పేస్‌ను అణిచే మందు ఒకటి వచ్చింది, దాన్ని ఆ రక్తంలో కలిపి చూస్తే తప్ప పని తెమలదు. ఎండాకాలం వచ్చేసింది. హేమశ్రీ సార్ వెంటపడింది. ఇన్నేళ్ళ కష్టం గంగపాలవుతుంది, ఇల్లు చెప్పండి సార్, కాళ్ళు పట్టుకొనైనా అడుక్కుంటానని ఏడ్చినంత పని చేసింది.



"సత్యవేడులో ఆదిమూలం ఇల్లు. నువ్వే పోయి అడుగు" అన్నాడు సార్ చివరికి.

సూది, ట్యూబులు సంచిలో పెట్టుకొని బస్సెక్కింది.

ఆదిమూలం ఇంటి ముందర వేరుశనక్కాయలు ఎండబోస్తా ఉన్నాడు. విషయం విని తల అడ్డంగా ఊపినాడు. కూతురి కిడ్నీలు చెడిపోయినాయంట. ఇంక ఒంట్లో రక్తం తీయొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పినారంట.

"చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా. చల్లగాలి తగిల్తే సాలు, ఒళ్ళంతా దద్దుర్లు, కాలిపోయే జ్వరం. నా ఒంట్లో నిప్పు యాడ పుడతా ఉండాదో నేనే సూడాలని పట్టుబట్టి ఆడ చేరింది. చలికాలంలో ఏదో ఐసుగదిలో పొద్దుగూకే దాకా పనిచేసిందంట. అప్పుడు పడకేసిన బిడ్డ ఇంకా లేవలా."

హేమశ్రీ వెనక్కి తిరిగి పోబోయింది. లోపల్నుంచి ఎవరు నాయనా అని నీరసంగా వినపడింది. ఆదిమూలం దారి వదిలినాడు.

కిటికీలన్నీ మూసిన గదిలో, అంత ఎండలోనూ దుప్పటి కప్పుకొని పడుకున్న మహిత ఆమె చేతిలో సంచిని చూసి, "ఆ పొద్దు రక్తంలో గీత బాగా వచ్చిందా అక్కా?" అంటా, అడక్కముందే చెయ్యి చాపింది.