సంత జీపు చార్జీ

“సార్జీ తీసినోళ్లే కూకోండి. డబ్బులు నేనోళ్లు దిగిపోండి,” అన్నాడు డ్రైవరు ఫల్గుణ, అనంతగిరి దాటాక మలుపులో జీపు ఆపి.

సంతకెళ్లే జీపది. లోపల కిక్కిరిసిన జనం, వెనక వేలాడేవాళ్లు మరికొందరు. ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్న నర్సు బేబికి ఒళ్లు మండింది. ఆమె భీమిలి నుంచి ఈ కొండల్లోకి బదిలీ మీద వచ్చి వారం కూడా కాలేదు. చార్జీల గోల మాత్రం వచ్చిన రోజే విన్నది. ఇదివరకు చార్జీకి బదులు కోడో, చింతపండో, పసుపో ఇచ్చేవారట. ఆరు రూపాయల చార్జీకి అరవై రూపాయల కోడిని లాక్కునే డ్రైవర్లూ ఉండేవారట. ఆ దోపిడీ ఆపాలని కొత్తగా వచ్చిన ఆఫీసరు ఊరూరా బోర్డులు రాయించాడు. మనిషికి ఆరు రూపాయలు, అదీ రొక్కమే.

మంచి పనే అనుకుంది బేబి. తీరా చూస్తే కొండమీద కోడి లేని ఇల్లుండదు గాని, రొక్కం ఎంతమంది దగ్గరుంటుంది?

“మనలో మనకి డబ్బులేటి బావా?” అన్నాడు వెనకనుంచి బుధు. “నీ పెళ్లికి రేత్రంతా డప్పు కొట్టినాను.”

“మేనత్తని సార్జీ అడుగుతావేట్రా?” అంది పక్కనున్న ముత్యాలమ్మ.

ఫల్గుణ దిగి వెనక్కి వచ్చి, తలుపు పక్కనే కూర్చున్న సోములమ్మ అనే ముసలామె ముందు చెయ్యి చాచాడు. ఎక్కేటప్పుడు ఆమెను పసిపిల్లలా ఎత్తి కూర్చోబెట్టింది ఇతగాడే. డబ్బు దగ్గరికొచ్చేసరికి మనిషే మారిపోయాడు.

“ఆరు రూపాయలు తియ్యి.”

“నా కాడ నేవు. సోళ్లున్నాయి, తీసుకో.”

“సోళ్లొద్దు. బోర్డు సూడనేదా? దిగు.”

జీపులో అయ్యో పాపం అన్న దిక్కు కూడా లేదు. బేబి పర్సు తీసి, “ఆవిడ చార్జీ నేనిస్తాను,” అంది.

“ఎవుల సార్జీ ఆలే ఇవ్వాల నర్సమ్మా,” అన్నాడు ఫల్గుణ ఆమె ముఖం చూడకుండా.

ముసలామె రాగుల సంచి తీసుకుని దిగిపోయింది. ఇక చూడాలి జీపులో హడావిడి. బుధు చొక్కా జేబులోంచి, ముత్యాలమ్మ రొంటినున్న తిత్తిలోంచి చకచకా డబ్బులు బయటికొచ్చాయి. పాపం, ఎంత భయపెట్టేశాడో అనుకుని బేబి తన చార్జీ ఫల్గుణ చేతిలో పడేసి తనూ దిగిపోయింది. జీపు వెళ్లిపోయింది.

“పద మామ్మా, నడుద్దాం. ఆఫీసరు ఇవాళ సంతలోనే ఉంటాడట. వీడి పర్మిట్ రద్దు చేయించకపోతే నా పేరు బేబి కాదు.”

ముసలామె ముఖం అప్పుడు పాలిపోయింది.

“అంత పని సెయ్యకమ్మా. ఈ దారికున్నది ఆ ఒక్క జీపే. ముందు మల్లేశు జీపుండేది. అందరూ సుట్టరికం సెప్పి ఊరికే ఎక్కేసీవోరు. ఆడు నోరిడిసి అడగనేకపోనాడు. వాయిదాలు కట్టనేదని అప్పిచ్చినోళ్లు జీపు పట్టుకుపోనారు. ఆ వానాకాలం కాన్పులోళ్లని మంచాలమీద మోసుకెళ్లినాం. ఇద్దరు పసిగుంటలు దారిలోనే పోనారు.”

బేబి ఆమె చేతిలోని సంచి అందుకుంది.

“అలాగని నిన్ను నడిదారిలో దింపేస్తాడా?”

“కూకో. ఆలని సంతలో దింపేసి మళ్లీ వస్తాడు,” అంటూ సోములమ్మ కల్వర్టు మీద చతికిలబడి, చుట్ట కోసం కొంగుముడి విప్పింది. ముడి నిండా రూపాయి బిళ్లలు.

“డబ్బులున్నాయి కదా మామ్మా. మరి లేవన్నావేం?”

“ఈయేల జీపు నిండా సుట్టాలే ఎక్కినారు. నన్ను దింపితే గాని ఆలు డబ్బులు తియ్యరు.”

“నిన్ను దింపితే వాళ్లెందుకు తీస్తారు?”

సోములమ్మ తాపీగా చుట్ట వెలిగించుకుని, జీపు వెళ్లిన వైపు చూస్తూ ముసిముసిగా నవ్వింది.

“ఆడు నా కొడుకు.”