నాలుగో గోనె

చలికాలంలో చీకటి పడగానే దూడల వీపుల మీద గోనెసంచులు కప్పి, పొట్ట కింద తాడు ముడేయడం నా పని. మా ఆయన కడితే తెల్లారేసరికి అన్నీ కాళ్ల కిందే ఉంటాయి. లైటు వేస్తే దూడలు బెదురుతాయని చీకట్లోనే తడుముకుంటూ కడతాను.

ఆ రాత్రి కొట్టం వెనక నక్కలు ఒకటే ఊళ. మొదటి దూడ నా చెయ్యి నాకింది. రెండోది తల విదిలించింది. మూడోది కుదురుగా నిలబడితేనా! "ఆగవే, నీ దుంప తెగ," అని విసుక్కుంటూ కట్టేశాను. నాలుగోది మాత్రం కదల్లేదు, మెదల్లేదు. వీపు చల్లగా మంచులా తగిలింది. "అయ్యో, బిగుసుకుపోయావే తల్లీ," అంటూ రెండు ముళ్లు వేశాను.

అప్పుడు గమనించాను. నక్కలు ఎప్పుడో ఊళలు ఆపేశాయి.

కొట్టం తలుపు చేరవేసి వాకిట్లోకి వచ్చేసరికి అత్తయ్య లోపల్నుంచి కేకేసింది.

"అలవాటుకొద్దీ నాలుగు గోనెలూ పట్టుకుపోయావేంటమ్మాయ్? చిన్న దూడని మొన్ననేగా పాతిపెట్టాం! మిగిలింది ఇలా తే, తలుపు సందులో కుక్కుదాం. చలి కొడుతోంది."

వాకిట్లో దీపం వెలుగులో నా ఖాళీ చేతులు చూసుకున్నాను. గోళ్ల నిండా తడిమట్టి.

"మిగల్లేదత్తయ్యా," అన్నాను.