తెరుచుకోని డిస్కు

"తెరుచుకుందా అన్నా?"

తలుపు తోసుకుని వస్తూనే డ్రైవరు అడిగాడు. ఆరు రోజులుగా ఇదే మాట. కంప్యూటర్ మెకానిక్ పైకి చూడకుండానే తల అడ్డంగా ఊపాడు.

బల్ల మీద డిస్కు డొల్ల ఊడదీసి ఉంది. దాని వైరు కంప్యూటర్లోకి వెళ్తోంది. తెర మీద ఒకటే వాక్యం: ఈ డిస్కును తెరవడం కుదరదు, ఫార్మాట్ చేయాలా? మెకానిక్ 'వద్దు' మీద నొక్కాడు. అలా ఎన్నిసార్లు నొక్కాడో ఆయనకే తెలియదు.

డ్రైవరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కంపెనీ వ్యాను నడుపుతాడు. పద్నాలుగేళ్ల సర్వీసు. మూడు వారాల కిందట చౌరస్తాలో సైకిలు మీద వస్తున్న ఒక పెద్దాయనకు ఆ వ్యాను తగిలి కాలు విరిగింది. ఎర్ర లైటు పడ్డా వ్యాను ఆగలేదని అక్కడున్నవాళ్లు ఇద్దరు చెప్పారు. పచ్చ లైటే ఉందని డ్రైవరు అంటున్నాడు. అద్దానికి అతను బిగించుకున్న కెమెరా అంతా చూసింది. ఆ సాయంత్రమే వీడియోను ఈ డిస్కులోకి ఎక్కించుకున్నాడు. కెమెరాలోది వారం తిరిగేసరికి చెరిగిపోయింది. తీరా ఆఫీసులో చూపిద్దామని తగిలిస్తే డిస్కు తెరుచుకోలేదు.

శుక్రవారం విచారణ. వీడియో లేకపోతే లైసెన్సు పోతుంది, దాని వెనకే ఉద్యోగం.

"రా తమ్ముడూ," అంది మెకానిక్ భార్య, కౌంటర్ దగ్గర ప్రింటర్‌కు ఇంకు పోస్తూ. "మీ అన్న ఈ వారం నా మొహం కన్నా ఆ డబ్బా మొహమే ఎక్కువ చూశాడు. తిండి కూడా దాని పక్కనే."

"నా పాపం మీకు చుట్టుకుంది వదినా."

"చుట్టుకుంటే చుట్టుకుంది గానీ, తినేటప్పుడన్నా పలకాలి కదా మనిషి. ఉప్పు ఎక్కువైందా అంటే 'చూస్తా' అంటాడు."

డ్రైవరు నవ్వాడు. మెకానిక్ నవ్వలేదు.

ఇరవై రెండేళ్లుగా ఆయనది ఇదే పని. నీళ్లలో పడ్డ డిస్కులు, పొగ పట్టినవి, పిల్లలు మేడ మీంచి విసిరినవి, ఎన్నో తెరిచాడు. ఈ వారం కళ్లు మండుతున్నాయి, నడుం పట్టేసింది. పోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రాములు మూడు నడిపాడు. ఒక్కోటి పద్దెనిమిది గంటలు. మూడూ ఆఖరున సున్నా చూపించాయి. ఇప్పుడు నాలుగోది ఎక్కిస్తున్నాడు.

"మొదటి రోజు వైరులో ఏదో ఉందన్నారు కదన్నా?"

"అన్నా."

"మార్చారా?"

"మార్చా."

"అయినా రాలేదా?"

మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "చూస్తున్నావుగా."

"పెద్ద ల్యాబుకు పంపితే?" అంది భార్య. "అక్కడ దుమ్ము చొరని గదులుంటాయట. వాళ్లు విప్పి చూస్తారట."

"అక్కర్లేదు." ఆ మాట గట్టిగా వచ్చింది. ఆవిడ చేతిలోని ఇంకు సీసా ఆగింది. ఆయన గొంతు తగ్గించాడు. "పంపినా ఇంతే. శుక్రవారానికి తిరిగి రాదు కూడా."

"అన్న చేతిలో కానిది ఇంకెవరి చేతిలో అవుతుంది వదినా," అన్నాడు డ్రైవరు.

మెకానిక్ లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాడు.

గురువారం డ్రైవరు మళ్లీ వచ్చాడు. ఈసారి ఏమీ అడగలేదు. తెర వైపు చూశాడు. నాలుగో ప్రోగ్రాము కూడా సున్నా దగ్గరే ఆగి ఉంది.

"ఒక కాగితం రాసిస్తారా అన్నా? డిస్కు పోయిందని. వీడియో దగ్గర పెట్టుకుని నాటకాలాడుతున్నానని వాళ్లు అనుకోకూడదు. అంతే."

మెకానిక్ షాపు పేరున్న కాగితం తీశాడు. రెండు వాక్యాలు రాశాడు. చదువుకున్నాడు. చింపేశాడు. ఇంకో కాగితం తీసి ఒక్క వాక్యమే రాశాడు: ఈ డిస్కును పరీక్షించాను, ఇందులోని సమాచారం తిరిగి తీయడం సాధ్యం కాదు. సంతకం చేసి ముద్ర వేశాడు. ముద్ర అలుక్కుపోయింది.

"ఎలా పోయిందని అడిగితే ఏం చెప్పనన్నా?"

మెకానిక్ కలం మూత కోసం వెతికాడు. అది బల్ల మీదే ఉంది.

"పాతబడితే పోతాయని చెప్పు."

డ్రైవరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెకానిక్ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నా తోడబుట్టినవాడు కూడా ఇంత పడడు నా కోసం. వాళ్లు నమ్మితే నమ్ముతారు, లేకపోతే లేదు. పచ్చ లైటని నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియకపోతే మీరేం చేస్తారు?"

అతను వెళ్లిపోయాడు. తలుపు దానంతటదే మూసుకుంది.

"పోనిద్దురూ," అంది భార్య. "మీరు చేయగలిగిందంతా చేశారు. ఇవాళన్నా కాస్త పడుకోండి."

మెకానిక్ వైరు పీకి, డిస్కును డొల్లలో పెట్టి, స్క్రూలు ఒక్కొక్కటే బిగించాడు.

మొదటి రోజు వైరు మార్చగానే ఆ డిస్కు తెరుచుకుంది. జాగ్రత్త కోసం నకలు తీయబోయి, ఏది ఎటో చూసుకోకుండా కొత్త డిస్కులోని ఖాళీనే దాని మీదికి ఎక్కించి ఉన్నదంతా చెరిపేయక ముందు, ఆ పచ్చ లైటును ఆయన కళ్లారా చూశాడు.