చిటికెన వేలిలో కితకితలు

ఇప్పుడు వీధివీధికీ నరాలు అతికే దుకాణాలున్నాయి. అక్కడ అతికించుకుంటే తెగిన నరం మళ్లీ మొలకెత్తి, మెల్లగా పాకుతూ వేలికొసను చేరుతుంది. గాజు పెంకు దిగి మొద్దుబారిన గాజులమ్మే కోటమ్మ కుడిచెయ్యి అలాగే బతికింది. కాకపోతే నరాలు దారి తప్పాయి. బొటనవేలితో దేన్ని తాకినా ఆమెకు చిటికెన వేలిలో చక్కిలిగింత పుడుతోంది.

ఆ చేత్తోనే ఇవాళ హైమావతి సీమంతంలో గాజులు తొడగడానికి కూర్చుంది. గాజు చిట్లితే అశుభమంటారు. చిట్లిందంటే ఇక కోటమ్మను ఏ పేరంటానికీ పిలవరు.

"అందరూ గాజులు తొడిగే మిషన్ తెప్పించుకుంటుంటే, నువ్వే కావాలంది నా కోడలు. నీ చెయ్యేమో ఇంకా పాలుతాగే పసిదాయె!" అంది హైమావతి అత్తగారు సుభద్ర.

"మిషనుకి కబుర్లు రావుగా వదినా," అంది కోటమ్మ, లోపల బెదురుగానే ఉన్నా.

హైమావతి భయంతో చెయ్యి బిగించింది. గాజు కణుపుల దగ్గర ఆగిపోయింది. బొటనవేలితో అక్కడ నొక్కగానే కోటమ్మ ఆపుకోలేక కిసుక్కున నవ్వింది.

"ఏంటి పిన్నీ?"

"నీ చెయ్యి నొక్కితే నాకు కితకితలే తల్లీ!"

హైమావతికీ నవ్వు ముంచుకొచ్చింది. నవ్వేసరికి ఆమె చెయ్యి వెన్నముద్దలా సడలి, గాజు జారి మణికట్టు మీద నిలిచింది.

"గట్టిదానివే! రెండోది అందుకో మరి," అంది సుభద్ర, తనూ నవ్వుతూ.

కోటమ్మ బొటనవేలు ఆ మణికట్టును వదల్లేదు.

"ఉండు వదినా! నీ కోడలి నాడి నా చిటికెన వేల్లో కొట్టుకుంటోంది!"