అరగని టైర్లు

పోయిన మామగారి పాత సైకిల్‌కి వెల కట్టడానికి సైకిల్‌షాపు ఆయన మా ఇంటికే వచ్చాడు. దాన్ని తిరగేసి, అడుగున తుప్పు గోకి, నంబరు చదివి, కళ్ళింత చేసుకున్నాడు.

"ఒరిజినల్ సరుకే సార్. టైర్లు కూడా కొన్నప్పటివే. బీటలిచ్చాయి గానీ, గాట్లు ఇసుమంతైనా అరగలేదు!"

తండ్రి మాటొస్తే మావారి ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. "ఎందుకరుగుతాయి? నాన్న దీన్ని అంత అపురూపంగా చూసుకున్నారు. ఆఫీసుకి నడిచే వెళ్ళేవారు. వెళ్తూ దీన్ని ఇంట్లోనే ఉంచి, ముందు చక్రానికీ, వీధి తలుపుకీ తాళాలు వేసి, రెండు తాళంచెవులూ జేబులో వేసుకునేవారు. ఇది ఒక్కరోజు కూడా రోడ్డెక్కలేదు."

షాపు ఆయన చెయ్యి చైను దగ్గర ఆగిపోయింది.

"మరి ఈ చైను చక్రం పళ్ళెలా అరిగాయి సార్? పెడల్ రబ్బర్లు చూడండి, బోడిగుండులా ఉన్నాయి. వేల మైళ్ళు తొక్కితే గానీ ఇలా కావు."

"తాళం వేసిన సైకిల్ ఎవడు తొక్కుతాడయ్యా? ధర తగ్గించడానికి కథలు చెప్పకు."

"తాళం ముందు చక్రానికే కదా! స్టాండు వేసి ఎక్కితే వెనకది హాయిగా తిరుగుతుంది."

"నాన్న ఆఫీసులో, నేను స్కూల్లో. ఇంట్లో ఇంకెవరు..." అంటూ మావారు ఆగిపోయారు.

గడప లోపల కూర్చున్న అత్తగారు పాదాలు కుర్చీ కిందికి లాక్కున్నారు.

"ఎంతొస్తే అంతకి ఇచ్చెయ్యరా," అన్నారు. "ముప్పై ఏళ్ళు తొక్కాను. వీధి చివరికైనా చేర్చలేదు."