ఎండ వచ్చేలోపు

తెల్లవారుతుండగా నర్సరీలో ఎవరో షేడ్‌నెట్ చుట్ట భుజాన వేసుకుని పోతున్నారు.

రాత్రంతా ఆస్పత్రిలో భర్త మంచం పక్కన కూర్చుని నేరుగా ఇటే వచ్చిన ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఏయ్, ఎవరు నువ్వు? దించక్కడ!"

ముసలాయన ఉలిక్కిపడి చుట్ట దించాడు. చలికి ఆయన పెదవులు నల్లబడి ఉన్నాయి.

"దొంగని కాదమ్మా. రాత్రి చలి బాగా పడింది. ఎండ రాకముందే మళ్లకి నీడ కప్పాలి."

అప్పటికే సగం దోస నారుమళ్ల మీద నెట్ పరిచి ఉంది.

"చలికి వణికిన మొక్కకి ఎండ కావాలా, నీడ కావాలా? నేనేమైనా చిన్నపిల్లలా కనిపిస్తున్నానా?"

"ఆకు వంట చేసుకునేది ఎండతోనేనమ్మా. కానీ చలికి దాని చేతులు కొంకర్లు పోయాయి. వండలేనప్పుడు పొయ్యి భగ్గున మండితే ఆకే మాడిపోతుంది. మధ్యాహ్నం దాకా నీడనుంచితే తేరుకుంటుంది."

భర్త ఆస్పత్రి పాలై నర్సరీ ఆమె చేతికొచ్చి మూడు వారాలు. ఈ మూడు వారాల్లో సలహా చెప్పనివాడు లేడు, సాయం చేసినవాడూ లేడు.

"ఈ కబుర్లు మా తమ్ముడొచ్చాక చెప్పు."

ఆయన్ని పనిముట్ల గదిలో కూర్చోబెట్టి బయట గడియ పెట్టింది.

"పొద్దెక్కుతోంది, నన్ను పోనివ్వు తల్లీ" అంటూ ఆయన రెండుసార్లు తలుపు తట్టాడు. తర్వాత తట్టలేదు.

ఆమె ఒక్కో మడి మీది నెట్ లాగి తీసేసింది. చివరి మడి దగ్గరికొచ్చేసరికి చేతులు లేవలేదు. దాని మీది నెట్ అలాగే వదిలేసి గట్టు మీద కూలబడింది.

తమ్ముడు పదింటికి వచ్చి గడియ తీశాడు.

"ఈయన దొంగేమిటక్కా? సరిగ్గా నిలబడలేకపోతున్నాడు. పోనీ, పాపం."

ముసలాయన ఎండకేసి ఒకసారి చూసి, తూలుకుంటూనే గబగబా వెళ్లిపోయాడు.

సాయంత్రానికి దోస ఆకులు పాలిపోయాయి. ఎక్కడ చూసినా కాగితంలా తెల్లటి మచ్చలు.

చివరి మడి ఒక్కటే పచ్చగా ఉంది.

ఆమె దాని మీది నెట్ ఎత్తి చూసింది. తర్వాత భర్తకు ఫోన్ చేసింది.

"ఒక్క మడి తప్ప మొత్తం పోయిందండీ. ఏం చెయ్యాలో తెలీడం లేదు."

అవతల కాసేపు దగ్గు.

"మన నర్సరీ ఉన్న వీధి చివరే ఇంకో నర్సరీ ఉంది. ఆ నర్సరీ ఆయన్ని అడుగు. ముప్ఫై ఏళ్లుగా దోసనారే పోస్తున్నాడు. ఏ చలికీ ఒక్క మడి పోగొట్టుకున్న మనిషి కాదు."

"పనివాళ్లెక్కువా?"

"ఎవరూ లేరు. అన్నీ తనే చూసుకుంటాడు."

ఆమె కాళ్లీడ్చుకుంటూ వీధి చివరికి నడిచింది. గేటు తీసే ఉంది.

అక్కడ ఒక్క మడి మీదా నెట్ లేదు. విప్పని నెట్ చుట్టలు గేటు పక్కనే పడి ఉన్నాయి. తెల్లబడిపోయిన ఆకుల మధ్య, పొద్దున పదింటిదాకా తాను గడియ పెట్టి ఉంచిన మనిషి కూర్చుని ఉన్నాడు.